గేటు రిమోట్ ఒకటి బయట ఉండిపోయింది, సంక్రాంతికి ఊరెళ్తున్నాం: ముందు ఏం మార్చాలి?

మీరు అడిగింది ఇదీ. బెంగళూరు హొరమావులో 30 బై 40 సైటులో కట్టిన డూప్లెక్స్ కొన్నారు. ముందు స్లైడింగ్ గేటుకి మోటారు, లోపల కారు పెట్టే చోటికి మోటారు షట్టరు, రెండూ పాత ఓనరు పెట్టించినవే. పని మానేసి వెళ్లిపోయిన డ్రైవరు దగ్గరే ఒక రిమోట్ ఉండిపోయింది. ఇంకోటి కావాలని ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్తే షాపులో కుర్రాడు మీ రిమోట్‌ని కొత్తదానికి ఆనించి రెండు నిమిషాల్లో కాపీ తీసిచ్చాడు. అది చూశాక నిద్ర పట్టడం లేదన్నారు. సంక్రాంతికి పది రోజులు ఒంగోలు వెళ్తున్నారు కాబట్టి ఇంకో రెండు కెమెరాలు పెట్టాలా, మోటారే మార్చేయాలా అన్నది మీ ప్రశ్న.

కెమెరాల డబ్బు ప్రస్తుతానికి ఆపండి. మోటారు మార్చనక్కర్లేదు. పార్కింగ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు మీద ముందు ఖర్చు పెట్టండి, తర్వాత రిసీవర్, అంటే మోటారు దగ్గర రిమోట్ సంకేతాన్ని అందుకునే భాగం, మార్చండి. నా పని బెంగళూరులో గేట్లకీ షట్టర్లకీ మోటార్లు బిగించడం. దొంగలు పడ్డాక మరమ్మతుకని పిలిచిన ఇళ్లు కూడా చూశాను. షట్టరు ఎలా లేచింది అన్నది ఒక్కో చోట ఒక్కో కథ. లోపలి తలుపు మాత్రం దాదాపు అన్ని చోట్లా ఒకటే: పల్చటి ఫ్లష్ డోరు, దానికో గుండ్రటి నాబ్ లాక్, లోపల చిన్న టవర్ బోల్ట్. సింహద్వారానికి టేకు చెక్క, ఇత్తడి హ్యాండిల్, మంచి తాళం పెట్టుకున్నవాళ్లే పక్క తలుపు దగ్గరికొచ్చేసరికి బాత్రూముకి వేసే తలుపు వేయించేస్తారు. షట్టరు ఉంది కదా అన్న ధీమా.

షట్టరు ఎంత కాపాడుతుందో అంత దాస్తుంది కూడా. రోడ్డు మీద నిలబడి సింహద్వారం తాళం పగలగొట్టేవాడికి ఎదురింటివాళ్ల భయం, వీధిలో వెళ్లే బైకుల భయం ఉంటాయి. అదే మనిషి షట్టరు లోపలికి దూరి వెనక దించేసుకుంటే వాణ్ణి చూసేవాళ్లే ఉండరు. తీరిగ్గా పని చేసుకోవచ్చు, చప్పుడు కూడా బయటికి తక్కువే వస్తుంది. పైగా మనం సామాన్లు పెట్టుకునేది అక్కడే. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కమ్మీ ముక్క, గునపం, అల్యూమినియం నిచ్చెన అన్నీ షట్టరు వెనకే ఉంటాయి. దొంగకి కావలసిన సామాను మనమే అందించినట్టవుతుంది. ఊరెళ్లే ముందు అవన్నీ ఇంట్లోకి చేర్చండి. నిచ్చెన మరీ ముఖ్యం, దాంతో మేడ మీద బాల్కనీ తలుపు దాకా వెళ్లిపోతారు.

కాబట్టి ఆ పక్క తలుపుని వీధి తలుపుగానే లెక్కపెట్టండి. గట్టి చెక్క తలుపు గానీ స్టీలు తలుపు గానీ వేయించండి. నాబ్ లాక్ తీసేసి, తలుపు మందంలోనే అమర్చే, గడి బాగా లోపలికి దిగే మోర్టిస్ లాక్ బిగించండి. తాళం ఎంత ఖరీదైనదైనా, గడి వెళ్లి దిగే చోట ద్వారబంధానికి ఉన్న ఇనుప పట్టీకి అరంగుళం స్క్రూలు రెండు ఉంటే ఒక్క తన్నుకి ఊడొస్తుంది. మూడంగుళాల స్క్రూలు వేసి, అవి చెక్క దాటి గోడలోకి దిగేలా చూడమని వడ్రంగికి దగ్గరుండి చెప్పండి. చెప్పకపోతే పెట్టెలో వచ్చిన స్క్రూలే వేసి వెళ్లిపోతాడు. మీ తలుపు పార్కింగ్ వైపుకి తెరుచుకునేదైతే బందుల మేకులు బయటివైపు ఉంటాయి, వాటిని లాగేస్తే తాళంతో పనిలేకుండా తలుపు ఊడొచ్చేస్తుంది. మేకు బయటికి రాని రకం బందులు వేయించండి, లేదా బందుల వైపు తలుపు అంచుకి, ద్వారబంధంలోకి దిగేలా ఇనుప పిన్నులు పెట్టించండి. వీలుంటే బయట ఒక గ్రిల్ డోరు కూడా.

ఇంకోటి అలవాటుకి సంబంధించినది. కారు లోపల పెట్టి షట్టరు దించేశాం కదా అని పక్క తలుపు రాత్రంతా ఊరికే చేరవేసి ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. షట్టరు దిగినా దిగకపోయినా ఆ తలుపుకి గడియ పడాలి. ఇంట్లో అందరితో గట్టిగా చెప్పండి.

ఇక మీ నిద్ర పాడుచేసిన రిమోట్ సంగతి. షాపులో అంత తేలిగ్గా కాపీ అయిందంటే మీది ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్. మన దగ్గర గేట్ల రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఫిక్స్‌డ్ కోడ్ అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ గాలిలోకి ఒకే నంబరు వెళ్తుంది. నిన్నా అదే, రేపూ అదే. ఆ నంబరు ఒక్కసారి పట్టుకున్న ఏ పరికరమైనా దాన్ని మళ్లీ పలకగలదు. వీటిలో పాత రకానికి రిమోట్ లోపల చిన్న చిన్న తెల్లటి స్విచ్చుల వరస ఉంటుంది. 8 స్విచ్చులుంటే 256 నంబర్లు, 10 ఉంటే 1,024, 12 ఉంటే 4,096, అంతే. 2015లో సామీ కామ్‌కార్ అనే అమెరికన్ పరిశోధకుడు పిల్లలు మెసేజీలు పంపుకునే ఒక బొమ్మ పరికరాన్ని మార్చి, ఇలాంటి గ్యారేజ్ తలుపులకి ఉండగలిగే నంబర్లన్నీ పది సెకన్ల లోపే పంపి చూపించాడు. ఆ స్విచ్చులు మార్చుకుంటే చాలనుకునేవాళ్లకి ఇది తెలియాలి. కొత్త రకం ఫిక్స్‌డ్ రిమోట్లలో స్విచ్చులుండవు, చిప్‌లోనే ఒక నంబరు రాసి ఉంటుంది, దాన్ని రిసీవర్‌కి నేర్పుతారు. నంబర్లు లక్షల్లో ఉంటాయి గనక వరసపెట్టి ప్రయత్నించడం కష్టం. కాపీ తీయడం మాత్రం అంతే తేలిక.

ఇప్పుడు చాలామంది పప్పులో కాలేసే చోటికి వద్దాం. రిమోట్ పోతే రిసీవర్ మెమరీ చెరిపేసి, చేతిలో ఉన్న రిమోట్లు మళ్లీ నేర్పించేస్తే పోయినది పనిచేయదు అని ఎలక్ట్రీషియన్ చెప్తాడు. ఒరిజినల్ రిమోట్లయితే అది నిజమే, ఒక్కో దానికి ఒక్కో నంబరు ఉంటుంది కాబట్టి. కానీ పాత ఓనరు కూడా మీలాగే కాపీలు తీయించి ఉంటే? అప్పుడు మీ చేతిలో ఉన్నదీ, డ్రైవరు దగ్గర ఉన్నదీ ఒకే నంబరు పలుకుతాయి. రిసీవర్ దృష్టిలో అవి రెండు రిమోట్లు కావు, ఒకటే. మీది మళ్లీ నేర్పించిన క్షణాన డ్రైవరుదీ బతుకుతుంది. అందుకే మెమరీ చెరిపితే సరిపోయిందని ఊరుకోవద్దు. పాత ఓనరు పనిమనిషికి, సెక్యూరిటీకి, పక్కింటివాళ్లకి ఎన్ని ఇచ్చాడో మీకు లెక్క తెలియదు. ఆ నంబరునే వదిలించుకోవాలి.

దానికి మోటారు మార్చక్కర్లేదు. నంబరు ప్రతిసారీ మారిపోయే రకం, అంటే రోలింగ్ కోడ్ రిసీవర్ విడిగా దొరుకుతుంది, రిమోట్లతో కలిపి కొన్నా మోటారు ధరలో చిన్న వంతే అవుతుంది. దాని రెండు వైర్లు మోటారు బోర్డు మీద పుష్ బటన్‌కి ఇచ్చే టెర్మినల్‌కి కలిపితే చాలు. బిగించే మనిషి మర్చిపోయే పని ఒకటుంది: పాత రిసీవర్‌ని తీసేయడం. అది విడి కార్డుగా ఉంటే ఊడబెరికించండి, బోర్డులోనే కలిసి ఉంటే మెమరీ పూర్తిగా చెరిపించండి. లేకపోతే కొత్తదీ పాతదీ రెండూ పక్కపక్కనే పనిచేస్తూ ఉంటాయి, మీ డబ్బు వృథా. పని అయ్యాక పాత రిమోట్ తీసుకుని గేటు దగ్గర నిలబడి నాలుగైదు సార్లు నొక్కండి. గేటు కదలకపోతేనే కూలి ఇవ్వండి. షట్టరు రిసీవర్‌కి కూడా ఇదంతా మళ్లీ చేయాలి. గేటుది మార్చి షట్టరుది వదిలేసిన ఇళ్లు ఉన్నాయి.

రోలింగ్ కోడ్‌లో నొక్కిన ప్రతిసారీ నంబరు మారుతుంది, ఒకసారి వాడిన నంబరుని రిసీవర్ మళ్లీ ఒప్పుకోదు. మార్కెట్‌లో విరివిగా కనిపించేది కీలాక్ (KeeLoq) అనే పద్ధతి. జేబులో పొరపాటున కొన్నిసార్లు బటన్ పడినా ఇబ్బంది లేకుండా రిసీవర్ ముందున్న 16 నంబర్ల దాకా ఒప్పుకుంటుంది, అంతకు మించి దాటిపోతే వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే దారిలో పడుతుంది. కొత్త రిమోట్ ఒక్కోసారి రెండో నొక్కుకి గానీ పలకకపోతే కంగారు పడకండి. ఇదీ ఛేదించలేనిదేం కాదు. 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం వాళ్లు, చిప్ పనిచేసేటప్పుడు వాడే కరెంటులోని హెచ్చుతగ్గులు కొలిచి దాని రహస్య కీ బయటికి లాగారు. కామ్‌కార్ 2015లోనే ఇంకో పరికరం చూపించాడు: మీరు నొక్కిన మొదటి నంబరుని గేటుకి చేరనీయకుండా అడ్డుపడి దాచుకుంటుంది, మీరు మళ్లీ నొక్కితే ఆ రెండోదీ దాచుకుని మొదటిదాన్ని వదులుతుంది. గేటు తెరుచుకుంటుంది, మీకు అనుమానం రాదు, ఇంకా వాడని నంబరు ఒకటి దొంగ దగ్గర మిగులుతుంది. దీనికి విరుగుడు తేలికే. రిమోట్ ఎప్పుడైనా కారణం లేకుండా మొరాయిస్తే, లోపలికి వెళ్లాక గేటు పక్కనే నిలబడి మరోసారి మూసి తెరవండి. కొత్త నంబరు రిసీవర్‌కి అందిందంటే దాచుకున్న పాతది చెల్లదు.

అయితే మీ వీధికి వచ్చే దొంగ చేతిలో రేడియో పరికరం కంటే ఇనుప రాడ్డు ఉండే అవకాశమే చాలా ఎక్కువ. అందుకే రోలింగ్ కోడ్ చాలు, దానిపైన ఇంకా ఖరీదైనది కావాలని ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. ఆ డబ్బు ఇనుము పనిలో పెట్టండి.

ఇనుము పని అంటే ఏమిటో చెప్తాను. స్లైడింగ్ గేటు మోటారు పక్కన ఒక చిన్న తాళం మూత ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని తిప్పి గేటుని చేత్తో తోసుకోవడానికి. చాలా మోడళ్లలో ఆ తాళంచెవి అందరికీ ఒకటే. మీ మోటారుతో వచ్చిన చెవి అదే మోడల్ ఉన్న మరో ఇంట్లోనూ పనిచేస్తుంది. మోటారు గేటు లోపలే ఉంటుంది కదా అనుకుంటాం. మీ గేటు చువ్వల డిజైన్ అయితే బయట నిలబడి చెయ్యి లోపలికి పెట్టి చూడండి. మోచేతి దాకా వెళ్తే ఆ మూత అందుతుంది. గేటు మూసి ఉన్నప్పుడు మోటారు ఎదురుగా వచ్చే భాగంలో చువ్వలకి లోపలి నుంచి ఒక షీటు వెల్డింగ్ చేయిస్తే ఆ గొడవ వదిలిపోతుంది. అలాగే గేటు పైన రోలర్ల దగ్గర, గేటుని పైకి ఎత్తితే ట్రాక్‌లోంచి లేస్తుందేమో ఇద్దరు మనుషులతో ఎత్తించి చూడండి. లేస్తే గేటు పళ్ల పట్టీ మోటారు పళ్ల చక్రం నుంచి విడిపోతుంది, ఇక మోటారు ఉన్నా లేనట్టే. పైన అడ్డంగా ఒక యాంగిల్ ముక్క వేయిస్తే లేవదు. వెల్డర్‌కి రెండూ కలిపి ఒక పూట పని.

షట్టరుకి మధ్యలో రాడ్డు పెట్టి పైకి వంచడం పాత పద్ధతి. మోటారు పైన ఉన్న డ్రమ్ముని పట్టుకుని ఉంటుంది గానీ కింది పట్టీని నేలకి పట్టుకుని ఉండదు. రెండు చివర్లా గైడ్ ఛానల్లోకి దూరే గడియలు, మధ్యలో నేలలోకి దిగే తాళం, ఈ మూడూ ఉండాలి. ఒక జాగ్రత్త: గడియ వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటారు లాగుతుంది, పట్టీలు మెలిపడిపోతాయి. అందుకే గడియలు వేసే ముందు షట్టరు మోటారు స్విచ్ ఆపేయాలి. రోజూ ఇదంతా చేయలేరు గానీ, ఊరెళ్లేటప్పుడు తప్పనిసరి.

వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు విల్లాల్లో అమెరికా తరహా గ్యారేజ్ తలుపులు, అంటే షట్టరులా చుట్టుకోకుండా పలకలు పలకలుగా పైకప్పు కిందికి జరిగేవి పెడుతున్నారు. ఇది చదివేవాళ్లలో ఆ ఇళ్లవాళ్లు ఉంటే ఒక మాట. వాటికి లోపల ఎర్ర తాడు వేలాడుతుంది, లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది. బయట నుంచి తలుపు పై సందులోంచి వంచిన తీగ దూర్చి ఆ మీటని లాగడం అక్కడి దొంగలకి తెలిసిన విద్య. అలాగని తాడు కత్తిరించేయకండి. కరెంటు లేనప్పుడు, తలుపు కింద ఎవరైనా ఇరుక్కున్నప్పుడు అదే దిక్కు. మీటకి తీగ తగలకుండా అడ్డుగా ఒక చిన్న పలక పెట్టించండి.

మీ ఇంటికి వీడియో డోర్ ఫోన్ ఉందో లేదో రాయలేదు. ఉంటే, లోపల బటన్ నొక్కితే గేటు తెరుచుకునేలా కలిపారా అన్నది చూడండి. కొన్ని మోడళ్లలో గేటు తెరిచే రిలే, అంటే మోటారుకి సంకేతం ఇచ్చే చిన్న స్విచ్చు, బయట గోడకున్న పెట్టెలోనే ఉంటుంది. ఆ పెట్టె స్క్రూలు విప్పి రెండు వైర్లు కలిపితే గేటు తెరుచుకుంటుంది, రిమోట్‌తో పనే లేదు. రిలేని లోపలికి మార్పించండి. అది కుదరకపోతే గేటు వైరు ఊడదీయించి, వెళ్లి చేత్తోనే తెరుచుకోండి.

ఫోన్‌లోంచి గేటు తెరిచే వైఫై పరికరం ఇప్పుడే వద్దు. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే కంపెనీ గ్యారేజ్ కంట్రోలర్ల గురించి అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ హెచ్చరిక ఇచ్చింది. శామ్ సబెటన్ అనే పరిశోధకుడు బయటపెట్టిన లోపం అది: పరికరాలన్నిటికీ సర్వర్‌తో మాట్లాడే పాస్‌వర్డ్ ఒకటే, దాంతో ఎక్కడో కూర్చుని ఎవరి తలుపైనా తెరవొచ్చు.

కారు విషయం. రిమోట్‌ని సన్ వైజర్‌కి తగిలించి, డాష్‌బోర్డులో ఆర్సీ పెట్టుకోవడం మనందరికీ అలవాటు. ఆర్సీ మీద మీ ఇంటి అడ్రసు ఉంటుంది. మాల్‌లో అద్దం పగలగొట్టినవాడికి మీ ఇంటి గేటూ, దాని అడ్రసూ ఒకే చోట దొరుకుతాయి. డిజీలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న ఆర్సీ చెల్లుతుందని కేంద్ర రవాణా శాఖ 2018లోనే చెప్పింది, కాబట్టి కాగితం ఇంట్లో పెట్టుకోండి. రిమోట్ తాళాల గుత్తికి వేసుకుని మీతోపాటే దిగనివ్వండి. సర్వీసుకి, వాలెట్ పార్కింగ్‌కి ఇచ్చేటప్పుడు కారు చెవి ఒక్కటే ఇవ్వండి.

ఇక ఊరెళ్లే రోజు. షట్టరు గడియలు వేశాక పక్క తలుపు తాళం వేసి, గేటు మోటారు ఎంసీబీ దించేయండి. మోటారుకి బ్యాటరీ బ్యాకప్ ఉంటే దాని వైరు కూడా తీయాలి, లేకపోతే ఎంసీబీ దించినా గేటు బతికే ఉంటుంది. కరెంటు లేని మోటారు రిమోట్‌కి పలకదు, పళ్ల చక్రం గేటుని కదలనీయదు. మీరు మాత్రం గేటు పక్కనున్న చిన్న గేటు లోంచి బయటికి వచ్చి తాళం వేసుకుంటారు. తిరిగొచ్చాక కూడా అక్కడి నుంచే. చిన్న గేటు లేకపోతే ఈ పద్ధతి మీకు పనికిరాదు, బయట ఇరుక్కుంటారు.

సంక్రాంతి నాలుగు రోజులూ మన తెలుగువాళ్ల ఇళ్లు ఈ ఊళ్లో తాళాలతో ఉంటాయని అందరికీ తెలుసు. పండగ పూట వాకిట్లో ముగ్గు లేని ఇల్లు, గేటుకి వేలాడే పాల ప్యాకెట్లు, లోపల పోగైన పేపర్లు, ఇవి చాలు కనిపెట్టడానికి. పాలు, పేపరు ఆపించండి. ముగ్గేసే ఆవిడకి పది రోజులూ డబ్బిచ్చి రోజూ కల్లాపి చల్లి ముగ్గు వేయమనండి, ఇంతకంటే చౌకైన కాపలా లేదు. బంగారం బ్యాంకు లాకర్‌కి. తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకి ఆంధ్ర పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ కోసం ఇక్కడ వెతక్కండి, స్టేషన్‌కి స్వయంగా వెళ్లి బీట్ కానిస్టేబుల్‌ని కలవండి. "ఊరిగె హోగ్తా ఇద్దీవి సార్, మనె కడె స్వల్ప నోడ్కొళ్ళి" (ఊరెళ్తున్నాం సార్, ఇంటి వైపు కాస్త చూస్తుండండి) అని కన్నడంలో చెప్పి, ఇంటి నంబరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ రాసివ్వండి. పక్కింటివాళ్లకి మీ ఫోన్ నంబరు ఇచ్చి, ఏదైనా అనుమానం వస్తే ముందు 112కి చేసి తర్వాత మీకు చేయమనండి.

ఇవన్నీ అయ్యాక కావాలంటే కెమెరాలు పెట్టుకోండి. పెడితే ఒకటి పక్క తలుపు మీదికి చూసేలా షట్టరు లోపల ఉండాలి, రెండోది రోడ్డు మీదికి. కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టెని హాల్లో టీవీ కింద పెడితే దొంగ దాన్నీ పట్టుకెళ్తాడు. మేడ మీద అటకలోకో తాళం వేసే బీరువాలోకో మార్చండి, కాస్త గాలి తగిలేలా.

పండగకి వడ్రంగులూ ఊళ్లకి వెళ్లిపోతారు, కాబట్టి తలుపు పని ఈ వారమే మొదలుపెట్టించండి. రిసీవర్ పని ఒక గంటలో అయిపోతుంది, దాన్ని చివరికి ఉంచుకున్నా పరవాలేదు. మోటారు కవరు విప్పి బోర్డు ఫోటో పెడితే కొత్త రిసీవర్ వైర్లు ఏ టెర్మినల్‌కి వెళ్లాలో గుర్తుపెట్టి చెప్తాను. ఫోటో తీసే ముందు ఎంసీబీ దించండి. ఇంటి నంబరూ, రిమోట్ వెనకున్న స్టిక్కరూ ఫోటోలో పడకుండా చూసుకోండి.